గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత బరువు: ఎంత తగ్గుతుంది, ఎప్పుడు ఆగుతుంది, ఎందుకు కొంత తిరిగొస్తుంది

బరువు తగ్గే ఆపరేషన్ అనగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఎన్ని కిలోలు తగ్గుతారు?" అనే. దొరికే జవాబులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. డాక్టర్ 30 శాతం అంటారు, ప్రకటనలో 70 శాతం అని ఉంటుంది, తెలిసినవాళ్ళ అమ్మాయి ఏడాదిలో 45 కిలోలు తగ్గిందని ఒకరు చెబితే, తమ ఆఫీసులో ఒకాయనకి మూడేళ్ళు తిరక్కుండానే మళ్ళీ పెరగడం మొదలైందని ఇంకొకరు చెబుతారు. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో కొలతతో, ఒక్కో సమయంలో చూసిన అంకె చెబుతున్నారు, అంతే. దీనికి తోడు 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి, దాంతో "వారానికో ఇంజెక్షన్‌తో పోయేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకు" అన్న ప్రశ్న కూడా చేరింది. ఆపరేషన్‌కి డేట్ తీసుకుని టెన్షన్ పడుతున్నవాళ్ళు, చేయించుకుని రెండేళ్ళయ్యాక వెయింగ్ మెషిన్ ఎక్కడానికి భయపడుతున్నవాళ్ళు, అందరూ ఈ అంకెల మధ్యే నలుగుతుంటారు కాబట్టి మొదటినుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ వద్దాం.

కడుపులో అసలు ఏం మారుస్తారు

ఇది గుండెకి చేసే బైపాస్ కాదు, జీర్ణాశయానికి, చిన్న పేగుకి చేసేది. మామూలుగా జీర్ణాశయం లీటరు, లీటరున్నర దాకా పడుతుంది. సర్జన్ దాని పైభాగంలో దాదాపు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు పట్టే చిన్న సంచిని మిగతా జీర్ణాశయం నుంచి స్టేపుల్స్ వేసి వేరు చేస్తారు. ఆ మిగతా భాగాన్ని తీసెయ్యరు, అది లోపలే ఉండి రసాలు తయారు చేస్తూనే ఉంటుంది, కాకపోతే అన్నం అటు వెళ్ళదు. తర్వాత చిన్న పేగుని ఒకచోట కోసి, కింది కొసని పైకి తెచ్చి ఈ చిన్న సంచికి కుడతారు. పైత్యరసం, క్లోమ రసం వచ్చే రెండో కొసని సుమారు 100 నుంచి 150 సెంటీమీటర్ల కిందకి తీసుకెళ్ళి అక్కడ కలుపుతారు. చూస్తే 'వై' అక్షరంలా ఉంటుంది. సీజర్ రూ అనే స్విట్జర్లాండ్ సర్జన్ పేరు మీదుగా దీన్ని 'రూ ఎన్ వై' బైపాస్ అంటారు.

అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీయించుకున్నవాళ్ళు బరువు తగ్గిపోయి మళ్ళీ పెరగలేకపోవడం అమెరికాలో అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించి, 1966లో ఊబకాయానికి ఈ దారి మొదలుపెట్టారు. చిన్న రంధ్రాల ద్వారా, అంటే లాపరోస్కోపీతో చేయడం 1990ల మధ్యలో వచ్చింది. మన దగ్గర ఎక్కువగా వినపడే ఇంకో రెండు పేర్లు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'మినీ బైపాస్'లో సంచి పొడుగ్గా ఉంటుంది, పేగుని రెండు చోట్ల కాకుండా ఒక్కచోటే కలుపుతారు. 'స్లీవ్'లో పేగు జోలికే వెళ్ళరు, జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా కోసి బయటికి తీసేస్తారు, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంటుంది.

సంచి చిన్నదైంది కాబట్టి తక్కువ తింటారు, పేగు తగ్గింది కాబట్టి తిన్నది ఒంటికి పట్టదు, అందుకే బరువు తగ్గుతారు అని చాలామంది అనుకుంటారు. మొదటి సగం కొంతవరకు నిజం. రెండో సగం విటమిన్లు, ఐరన్, క్యాల్షియం విషయంలో నిజమే గానీ, మామూలు బైపాస్‌లో కేలరీలు పట్టకుండా పోవడం చాలా తక్కువ. అసలు పని సంకేతాల్లో జరుగుతుంది. తిన్నది చిన్న పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1, పీవైవై లాంటి హార్మోన్లు భోజనం తర్వాత బాగా ఎక్కువగా విడుదలవుతాయి, "ఇక చాలు" అన్న మాట మెదడుకి ముందే అందుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొన్ని రోజుల్లోనే షుగర్ రీడింగ్ దిగిపోవడం ఆస్పత్రిలోనే కనిపిస్తుంది. ఇప్పుడొస్తున్న ఇంజెక్షన్లు పనిచేసేది కూడా ఈ జీఎల్‌పీ-1 దారిలోనే.

30 శాతమా, 70 శాతమా: లెక్క ఎక్కడ తేడా వస్తుంది

గందరగోళానికి అసలు మూలం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదటి కొలత, మొత్తం బరువులో ఎంత శాతం తగ్గింది అన్నది. 100 కిలోల మనిషి 70కి వస్తే 30 శాతం. రెండోది 'అదనపు బరువు'లో ఎంత శాతం తగ్గింది అన్నది. ఇందులో ముందు "ఈ ఎత్తుకి ఇంత ఉండాలి" అని ఒక బరువు అనుకుంటారు, సాధారణంగా బీఎంఐ 25 దగ్గర ఉండే బరువు. దానికంటే ఎక్కువున్నదంతా అదనం. ఆ అదనంలో ఎంత పోయిందో చెబుతారు. (బీఎంఐ అంటే కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె.)

ముగ్గుర్ని తీసుకుందాం, ముగ్గురికీ ఒకే ఆపరేషన్, ముగ్గురూ ఏడాదిలో సరిగ్గా 30 శాతం తగ్గారనుకుందాం.

ఒకామె ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలు. బీఎంఐ 43. ఆ ఎత్తుకి బీఎంఐ 25 అంటే 64 కిలోలు, కాబట్టి అదనం 46. ఆమె 33 కిలోలు తగ్గి 77కి వచ్చింది. 46లో 33 అంటే దాదాపు 72 శాతం.

ఇంకొకామెది అదే ఎత్తు, బరువు 90 కిలోలు. అదనం 26. ఆమె 27 కిలోలు తగ్గి 63కి వచ్చింది. అదనంలో 104 శాతం తగ్గినట్టు. కాగితం మీద ఇది అద్భుతం.

మూడో వ్యక్తి 175 సెంటీమీటర్ల మగమనిషి, 150 కిలోలు, బీఎంఐ 49. అదనం దాదాపు 73. ఆయన ఏకంగా 45 కిలోలు తగ్గి 105కి వచ్చాడు. కిలోల్లో ముగ్గురిలో ఈయనే ఎక్కువ తగ్గాడు, కానీ అదనపు బరువు లెక్కలో వచ్చేది 61 శాతమే, అందరికంటే తక్కువ.

ముగ్గురి శరీరాలూ ఒకేలా స్పందించాయి. అంకెలు మాత్రం 61, 72, 104. తక్కువ బరువుతో మొదలైనవాళ్ళని ఎక్కువగా చేర్చుకున్న ఆస్పత్రి ఫలితాలు రెండో పద్ధతిలో సహజంగానే గొప్పగా కనిపిస్తాయి, అందులో మోసమేమీ లేకపోయినా సరే. మనవాళ్ళకి సరైన బీఎంఐ 23 అని లెక్క వేస్తే మొదటామె 72 శాతం కాస్తా 65కి పడిపోతుంది, ఒక్క గ్రాము కూడా తేడా లేకుండా. అందుకే ఇప్పుడు చాలా అధ్యయనాలు మొత్తం బరువు శాతాన్నే వాడుతున్నాయి. నా మటుకు నాకు కూడా అదే నిజాయితీ అయిన కొలత అనిపిస్తుంది.

ఇంకో సంగతి. 77 కిలోలకి వచ్చిన మొదటామె బీఎంఐ 30. ఆస్పత్రి చార్టులో ఆమె ఇంకా 'ఊబకాయం' గడిలోనే ఉంది, 33 కిలోలు తగ్గాక కూడా. ఆపరేషన్ తర్వాత అందరూ 'నార్మల్' గడిలోకి వస్తారన్న ఆశ దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది. అక్కడికి చేరేవాళ్ళు ఉన్నారు, కానీ బాగా ఎక్కువ బరువుతో మొదలైనవాళ్ళలో చేరనివాళ్ళే ఎక్కువ, అది వాళ్ళ తప్పు కాదు.

మొదటి ఏడాది, నెలల వారీగా

చాలాచోట్ల ఆపరేషన్‌కి ముందే ఒకటి రెండు వారాలు తక్కువ కేలరీల డైట్ పెడతారు. కొవ్వు పట్టిన కాలేయం కాస్త కుదించుకుపోతే సర్జన్‌కి పని సులువవుతుంది. అక్కడే మూడు నాలుగు కిలోలు పోవచ్చు, దాన్ని లెక్కలో కలుపుతారా లేదా అన్నదాన్ని బట్టి కూడా చివరి అంకె మారుతుంది. ఆపరేషన్ మర్నాడు సెలైన్ వల్ల బరువు ఎక్కువ చూపించడం మామూలే.

మన 110 కిలోల ఆమె దారి సుమారుగా ఇలా ఉంటుంది. మొదటి నెలలో 9, 10 కిలోలు. మూడో నెల చివరికి మొత్తం 18 నుంచి 20. ఆరు నెలలకి 27 దాకా. ఏడాదికి 33. ఇవి సగటు మనిషి అంకెలు, ఇదే బరువుతో మొదలైన ఇద్దరిలో ఏడాదికి ఒకరు 22 కిలోల దగ్గర, ఇంకొకరు 44 దగ్గర ఉండొచ్చు. వయసు, ఎన్నేళ్ళుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారా, ఎంత కదులుతున్నారు, జన్యువులు, అన్నీ ఇందులో ఉంటాయి. అంకెల వరసలో గమనించాల్సింది వేగం తగ్గడం. మొదటి నెలలో పది కిలోలు పోతే, పది, పదకొండో నెలల్లో నెలకి ఒక కిలో పోవడం కూడా కష్టమవుతుంది. చాలామందికి 12 నుంచి 24 నెలల మధ్యలో ఎక్కడో అన్నిటికంటే తక్కువ బరువు వస్తుంది.

మధ్యలో ఒక ఘట్టం దాదాపు అందర్నీ భయపెడుతుంది. మూడో వారం ప్రాంతంలో బరువు ఉన్నట్టుండి ఆగిపోతుంది. తినేది రోజుకి నాలుగైదు చిన్న గిన్నెల ద్రవాలు, అయినా ముల్లు కదలదు. మొదటి వారాల్లో పోయినదాంట్లో చాలా భాగం కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దాన్ని పట్టుకుని ఉండే నీళ్ళు. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీళ్ళు ఉంటాయి. శరీరం కాస్త సర్దుకుని ఆ నిల్వల్ని, నీటిని మళ్ళీ కొంత నింపుకుంటుంటే, ఆ వారంలో కరిగిన కొవ్వు మెషిన్ మీద కనపడదు. వారం, పది రోజుల తర్వాత మళ్ళీ దిగడం మొదలవుతుంది. ఇలాంటి ఆగుళ్ళు తర్వాత కూడా వస్తూ పోతూ ఉంటాయి.

పోయేదంతా కొవ్వు కూడా కాదు. తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కండ, తదితరాలు ఉంటాయి, అందుకే ప్రొటీన్ గురించి, నడక, చిన్నపాటి బరువులెత్తే వ్యాయామాల గురించి డైటీషియన్లు అంతగా చెబుతారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, ఆడవాళ్ళకి బరువు తగ్గిన సంతోషం కంటే ఇదే పెద్ద బెంగ అవుతుంది. త్వరగా బరువు తగ్గడం వల్ల, ఒంటికి తగిలిన ఒత్తిడి వల్ల వచ్చేది చాలావరకు మళ్ళీ మొలుస్తుంది. ఐరన్, ప్రొటీన్, జింక్ లోపం ఉంటే మాత్రం అది వేరే సంగతి. పొట్ట, చేతులు, తొడల మీద చర్మం వేలాడటం వ్యాయామంతో పూర్తిగా పోదు.

కంచం ఎలా మారుతుంది

ముందు పల్చటి ద్రవాలు, తర్వాత పాలు, సూపుల్లాంటివి, తర్వాత మెత్తగా చేసినవి, ఆనక మామూలు తిండి, ఇలా దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్న భోజనం చూస్తే, చిన్న స్టీలు గిన్నెలో రెండు ముక్కల కోడి కూర, రెండు చెంచాల ముద్దపప్పు, పక్కన పెరుగు, అన్నం ఒక ముద్దకి మించి ఉండదు. అది తినడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు. భోజనంతో పాటు నీళ్ళు తాగరు, కాసేపు ఆగి తాగుతారు. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుంటే "ఏంటమ్మా, పిట్టకి పెట్టినట్టు అంత తింటున్నావు, ఒంట్లో బాలేదా?" అని పక్కన కూర్చున్న పెద్దమ్మ వేసుకోమని బలవంతం చేస్తుంది. "ఇంతలా చిక్కావేంటి, షుగర్ వచ్చిందా?" అని ఇంకొకరు అడుగుతారు. ఆపరేషన్ సంగతి అందరికీ చెప్పుకోలేనివాళ్ళకి ఈ మాటలు నిజంగా బరువే.

ప్రొటీన్ లెక్క ఒకసారి వేసి చూస్తే అది ఎందుకంత కష్టమో తెలుస్తుంది. రోజుకి కనీసం 60 గ్రాములు కావాలంటారు. రెండు గుడ్లు 12 గ్రాములు, ఒక గ్లాసు పాలు 7, గిన్నెడు పప్పు 7, వంద గ్రాముల పెరుగు 3 లేదా 4, వండిన చికెన్ 75 గ్రాములు తింటే 20. మొత్తం 50. పది గ్రాములు ఇంకా తక్కువ, పొట్టలో అప్పటికే చోటు లేదు. గుడ్డు, మాంసం ముట్టనివాళ్ళకి అందులో 32 గ్రాములు లెక్కలోంచి పోతాయి, పనీర్, సోయా, ప్రొటీన్ పౌడర్ మీద ఆధారపడక తప్పదు. సగం కంచం అన్నంతో నిండే మన అలవాటుకి ఈ ఆపరేషన్ తర్వాతి జీవితానికి మధ్య దూరం ఇక్కడే కనిపిస్తుంది.

తీపి సంగతి వేరు. సంక్రాంతికి ఒక అరిసె, అలవాటుగా, కాస్త గబగబా తిన్నారనుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలకి గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం, ఎక్కడైనా పడుకుంటే బాగుండు అన్నంత నీరసం. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర ఒక్కసారిగా చిన్న పేగులోకి దిగిపోతే చుట్టూ ఉన్న రక్తంలోంచి నీరు పేగులోకి చేరడం, హార్మోన్లు ఎగసిపడటం దీనికి కారణం. కొందరికి ఇది గంట నుంచి మూడు గంటల తర్వాత ఇంకో రూపంలో వస్తుంది, ఇన్సులిన్ ఎక్కువ విడుదలై షుగర్ బాగా పడిపోయి చేతులు వణుకుతాయి. అందరికీ రాదు, వచ్చినవాళ్ళకి కూడా కాలం గడిచేకొద్దీ తగ్గవచ్చు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ పెరగడం

అన్నిటికంటే ఎక్కువ బాధ, ఎక్కువ అపార్థం ఉన్నది ఇక్కడే.

అమెరికాలోని యూటాలో బైపాస్ చేయించుకున్నవాళ్ళని 12 ఏళ్ళు గమనించి 2017లో ఫలితాలు వెల్లడించారు. సగటున రెండేళ్ళకి 45 కిలోలు తగ్గి ఉన్నారు, ఆరేళ్ళకి ఆ తగ్గుదల 36.3 కిలోలు, పన్నెండేళ్ళకి 35. అంటే రెండో ఏడాదికి, ఆరో ఏడాదికి మధ్య దాదాపు తొమ్మిది కిలోలు తిరిగొచ్చాయి, ఆ తర్వాత ఆరేళ్ళలో మాత్రం దాదాపు కదల్లేదు. ఈ రెండు వాక్యాల్లో మొదటిదే చెప్పి ఆపితే "అందరికీ మళ్ళీ వచ్చేస్తుంది" అవుతుంది. రెండోదే చెబితే "పన్నెండేళ్ళయినా నిలబడింది" అవుతుంది. రెండూ కలిపితేనే నిజం.

ఇక్కడ కూడా కొలత గొడవ ఉంది. మన 110 కిలోల ఆమె ఏడాదిన్నరకి 75 దాకా దిగి, ఐదేళ్ళకి 82కి వచ్చిందనుకుందాం. పెరిగింది 7 కిలోలు. పోగొట్టుకున్న 35లో 7 అంటే 20 శాతం తిరిగొచ్చినట్టు. అతి తక్కువ బరువు 75 మీద చూస్తే 9 శాతం పెరిగినట్టు. మొదలుపెట్టిన 110తో పోలిస్తే ఇంకా 28 కిలోలు, 25 శాతానికి పైనే తక్కువ. "20 శాతం వెనక్కి వచ్చేసింది" అని వినడానికి, "ఐదేళ్ళ తర్వాత కూడా పావు వంతు బరువు తగ్గే ఉంది" అని వినడానికి ఎంత తేడా! ఆ రెండో అంకె అమెరికాలో వేలమంది రికార్డుల మీద 2018లో వచ్చిన విశ్లేషణలోని ఐదేళ్ళ సగటుతో సరిపోతుంది: బైపాస్‌కి ఏడాదికి 31.2 శాతం, ఐదేళ్ళకి 25.5 శాతం. అంటే ఆమె ఫెయిల్ కాలేదు, సరిగ్గా సగటు దారిలోనే ఉంది. అయినా రెండేళ్ళ నాటి ఫోటోలు చూసుకుని ఏడ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళే ఎక్కువ.

ఎందుకు పెరుగుతుంది అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. ఒకటి అలవాట్లది. సంచి ఒకేసారి ఎక్కువ తిననివ్వదు గానీ, రోజంతా కొంచెం కొంచెంగా మిక్చర్, బిస్కట్లు, ఐస్‌క్రీమ్, టీలు వెళ్తూంటే అది ఆపలేదు. చెకప్‌లకి రావడం మానేసినవాళ్ళలో పెరుగుదల ఎక్కువని, మొదటి ఏడాది కుదిరిన క్రమం తర్వాత సడలిపోతుందని డైటీషియన్లు చెప్పేది అనుభవంతోనే. రెండో వాదన శరీరానిది. ఒక లెక్క చూడండి. 35 ఏళ్ళ, 160 సెంటీమీటర్ల స్త్రీ 110 కిలోలున్నప్పుడు ఏ పనీ చేయకుండా ఉన్నా ఖర్చయ్యేది, డైటీషియన్లు మామూలుగా వాడే మిఫ్లిన్ సూత్రం ప్రకారం, రోజుకి దాదాపు 1,760 కేలరీలు. 77కి వచ్చాక అదే లెక్క 1,430 చూపిస్తుంది. అంటే కేవలం చిన్నబడ్డ శరీరానికి రోజుకి 330 కేలరీలు తక్కువ చాలు. దీని పైన, పోయిన బరువుని వెనక్కి తెచ్చుకోవడానికి శరీరం ఖర్చుని ఇంకొంత తగ్గించుకోవడం, ఆకలి మెల్లగా తిరిగి రావడం, సంచికి పేగుకి మధ్య దారి కొందరిలో వెడల్పవడం ఉన్నాయి.

రెండిట్లో ఏది నిజం అంటే రెండూ పనిచేస్తాయి, మనిషిని బట్టి పాళ్ళు మారతాయి. కానీ "నోరు కట్టుకోలేకపోయింది" అనే తీర్పు ఇంట్లోవాళ్ళు ఎంత తేలిగ్గా ఇచ్చేస్తారో, ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో చూశాక, శరీరం వైపు వాదన మన దగ్గర ఇంకా గట్టిగా వినపడాలని అనిపిస్తుంది. సిగ్గుతో చెకప్ మానేసే మనిషికి కనీసం రక్తపరీక్ష కూడా జరగదు.

బరువు బయట ఏం మారుతుంది

షుగర్ విషయంలో ఆశలు ఆకాశంలో ఉంటాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ 150 మంది షుగర్ పేషెంట్లతో చేసిన అధ్యయనంలో, ఐదేళ్ళ తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష, 6 శాతం, లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు బైపాస్ చేయించుకున్నవాళ్ళలో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులతోనే ఉన్నవాళ్ళలో 5 శాతం. మందుల కంటే చాలా మెరుగు, కానీ "షుగర్ శాశ్వతంగా పోతుంది" అన్న మాటకి చాలా దూరం. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళకి, ఇన్సులిన్ దాకా వెళ్ళనివాళ్ళకి అవకాశం ఎక్కువ. మిగతావాళ్ళకి కూడా చాలాసార్లు మాత్రల సంఖ్య తగ్గుతుంది. బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, మోకాళ్ళ నొప్పులు బాగా తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది.

పీసీఓడీ ఉన్న అమ్మాయిలకి నెలసరి సరిపడి గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది మంచి వార్తే, సమయం మాత్రం సరైంది కాదు, బరువు వేగంగా పడిపోతున్న మొదటి 12 నుంచి 18 నెలల్లో గర్భం వద్దంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతులు సూచిస్తారు. పెళ్ళి సంబంధాలు, పిల్లల కోసం ఒత్తిడి మధ్య ఆపరేషన్‌కి వచ్చే అమ్మాయిలకి ఈ సంగతి ముందే తెలియడం చాలా అవసరం.

జీవితాంతం వెంట వచ్చేవి

ఐరన్, బీ12, క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం ఉంటాయి, ఏటా రక్తపరీక్ష కూడా. క్యాల్షియం రోజుకి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, అదీ విడతలుగా, ఐరన్‌తో కలపకుండా కనీసం రెండు గంటల తేడాతో. బీ12 లోపం మన శాకాహారుల్లో ముందే ఎక్కువ, దాని మీద బైపాస్ చేరితే తిమ్మిర్లు, రక్తహీనత దాకా పోవచ్చు. మొదటి నెలల్లో వాంతులు ఆగకపోతే థయమిన్, అంటే బీ1, వేగంగా తగ్గిపోయి నరాలకి, మెదడుకి దెబ్బ తగులుతుంది, అది ఎమర్జెన్సీ.

బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడటం ఎక్కువ, దానికి చాలామంది సర్జన్లు ఆరు నెలలు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సిగరెట్, ఈ రెండూ సంచి కలిపిన చోట పుండ్లు తెస్తాయి. మద్యం ఇదివరకటి కంటే వేగంగా ఎక్కుతుంది, అలవాటు వ్యసనంగా మారే ప్రమాదం రెండో ఏడాది నుంచి పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. ఏళ్ళ తర్వాత కూడా పేగు లోపలి ఖాళీల్లో ఇరుక్కుపోయి భరించలేని కడుపునొప్పి రావచ్చు. ఆపరేషన్ వల్ల మొదటి నెలలో ప్రాణం పోయే ప్రమాదం అనుభవమున్న చోట్ల సుమారు వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి. తక్కువే, సున్నా మాత్రం కాదు.

స్లీవ్, బైపాస్, ఇంజెక్షన్: పోలిక ఎంతవరకు కుదురుతుంది

పైన చెప్పిన అమెరికా రికార్డుల్లో స్లీవ్‌కి ఐదేళ్ళ సగటు 18.8 శాతం, బైపాస్‌కి 25.5. ఫిన్లాండ్, స్విట్జర్లాండ్‌లలో లాటరీ పద్ధతిలో పేషెంట్లని విడదీసి చేసిన రెండు అధ్యయనాల్లో ఐదేళ్ళకి తేడా అంత పెద్దగా రాలేదు, స్విట్జర్లాండ్ దాంట్లో తేడా గణాంకాల పరీక్షకి నిలబడలేదు కూడా. స్లీవ్ వైపువాళ్ళు పేగు జోలికి వెళ్ళకపోవడం, విటమిన్ లోపాలు తక్కువ కావడం చూపిస్తారు. బైపాస్ వైపువాళ్ళు షుగర్ మీద ఫలితాన్ని, స్లీవ్ తర్వాత ఛాతీలో మంట పెరగడాన్ని చూపిస్తారు. ముందే ఎసిడిటీ బాగా ఉన్న మనిషికి ఈ ఒక్క కారణంతోనే బైపాస్ వైపు మొగ్గడం మామూలు.

ఇంజెక్షన్ల విషయానికొస్తే, వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో 68 వారాలకి సగటున 14.9 శాతం, మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ ఎక్కువ డోసుతో 72 వారాలకి దాదాపు 21 శాతం తగ్గుదల వచ్చింది. అంటే స్లీవ్‌కి దగ్గరికి వస్తున్నాయి. కానీ ఆ ట్రయల్స్‌లో ఉన్నవాళ్ళు, ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు ఒకే రకం మనుషులు కారు, సగటు బరువులు వేరు, కాబట్టి అంకెల్ని పక్కపక్కన పెట్టి విజేతని తేల్చడం సరికాదు. సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని కూడా తేలింది, అంటే అది కూడా ఏళ్ళ తరబడి సాగే ఖర్చే. బైపాస్ తర్వాత పెరిగిన బరువుకి ఇవే ఇంజెక్షన్లు వాడటం ఇప్పుడు డాక్టర్లలో పెరుగుతోంది, ఇదో అదో అన్న పోటీ మెల్లగా ఇదీ అదీ అవుతోంది.

ఎవరికి చేస్తారు, ఇన్సూరెన్స్ ఎవరికి ఇస్తుంది

1991 నుంచి చాలాకాలం పాటు బీఎంఐ 40, లేదా జబ్బులుంటే 35 అన్నదే ప్రపంచంలో చాలాచోట్ల గీత. మనవాళ్ళకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్ వచ్చేస్తాయి కాబట్టి మన దేశంలో సర్జన్లు 37.5, జబ్బులుంటే 32.5 అని వాడుతూ వచ్చారు. 2022లో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి గీతని ఇంకా దించాయి: జబ్బులతో పనిలేకుండా 35, షుగర్ లాంటివి ఉంటే 30, ఆసియా వాళ్ళకి 27.5 నుంచే ఆలోచించవచ్చని. ఇంత కిందికి దించడం కొందరు డాక్టర్లకి నచ్చలేదు, ముఖ్యంగా ఇంజెక్షన్లు వచ్చాక, జీవితాంతం విటమిన్లు మింగాల్సిన ఆపరేషన్‌ని తక్కువ బరువువాళ్ళకి చేయడం అవసరమా అని వాళ్ళ ప్రశ్న. షుగర్ అదుపు తప్పి కళ్ళు, కిడ్నీలు పాడయ్యేదాకా ఆగడం ఎందుకని అవతలివాళ్ళ ప్రశ్న.

ఇన్సూరెన్స్ మాత్రం పాత గీత దగ్గరే ఉంది. మన దేశంలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం ఈ ఆపరేషన్ ఖర్చు రావాలంటే వయసు 18 దాటాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి, మిగతా మార్గాలు ఫలించక, గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్, వీటిలో ఒకటైనా ఉండాలి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉంటే అదీ దాటాలి. ఇందాకటి 160 సెంటీమీటర్ల ఎత్తుకే ఈ లెక్క వేస్తే, 90 కిలోలుండి షుగర్ అదుపులో లేనామె బీఎంఐ 35.2, క్లెయిమ్ అడగొచ్చు. అదే షుగర్‌తో 80 కిలోలున్నామె బీఎంఐ 31.25. 2022 సిఫార్సుల ప్రకారం ఆమె కూడా అర్హురాలే, కానీ ఖర్చు మొత్తం చేతి నుంచి పెట్టుకోవాలి.